ప్రియం అంటే ప్రేమా, ధరా?

“రసాలు ఈ ఏడు బాగా ప్రియం రా నాన్నా. అయినా నీకు ప్రియమని పట్టుకొచ్చా.”

పోయినేడు మే నెలలో గన్నవరంలో బస్సు దిగి, ఎండలో నడుచుకుంటూ ఇంటికి చేరితే మా అమ్మమ్మ అన్న మొదటి మాట ఇది. వరండాలో గడ్డి పరిచిన బుట్ట, అందులో నూజివీడు చిన్న రసాలు. నేను భుజం మీంచి బ్యాగు కూడా దించలేదు, చేతిలో ఒక పండు పెట్టేసింది. మా పెరట్లో తాతయ్య నాటిన రసాల చెట్టు ఉంది. ఆ ఏడు అది కాయలేదు. అందుకే కొనాల్సొచ్చింది.

పండు పిసుక్కుని జుర్రుకుంటూ ఉంటే బుర్రలో ఏదో తట్టింది. ఒకే మాటలో రెండు ప్రియాలు. మొదటి ప్రియానికి అర్థం రేటు ఎక్కువ అని. రెండో ప్రియానికి అర్థం ఇష్టం అని. అమ్మమ్మ రెండూ ఒకే ఊపులో అనేసింది, నేను కూడా ఏ ఇబ్బందీ లేకుండా అర్థం చేసుకున్నా. నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ని. ఒకే పేరుకి ఒకేసారి రెండు విలువలు ఇస్తే మా కంప్యూటర్ ఎర్ర అక్షరాల్లో తిడుతుంది. మరి మన బుర్ర ఎందుకు తిట్టలేదు?

నిజానికి నేను ఆ రోజు వెళ్ళింది పళ్ళు తినడానికి కాదు. అమ్మమ్మ పేరు మీద ఇల్లు, పెరడు, వెనక ఖాళీ జాగా అన్నీ కలిపి ఇరవై సెంట్లు ఉన్నాయి. అమ్మాలా వద్దా తేల్చడానికి మావయ్య అందర్నీ రమ్మన్నాడు. గన్నవరం చుట్టుపక్కల స్థలాల సంగతి ఇటువైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు. 2014లో రాష్ట్రం విడిపోయి రాజధాని ఇటొచ్చాక ఎయిర్‌పోర్టు పెరిగింది, హైవే పక్కన కేసరపల్లిలో ఐటీ బిల్డింగులు లేచాయి. మా ఇంటికొచ్చిన బ్రోకర్ కుర్చీలో కూర్చుంటూనే అన్నాడు: “ఇక్కడ గజం బాగా ప్రియమండీ ఇప్పుడు.” మళ్ళీ అదే మాట.

మావయ్య కూతురికి అమెరికాలో ఎమ్మెస్ సీటొచ్చింది. డబ్బు కావాలి. న్యాయమైన అవసరమే. లెక్కలు చూసే పని నాకు అప్పజెప్పారు. నేను ల్యాప్‌టాప్ తీసి ఎక్సెల్‌లో షీటు చేశా. స్థలం, ఇల్లు, బోరు, చెట్టు అని వరుసగా రాసి పక్కన ధర వేశా. పెంకుటిల్లుకి దాదాపు ఏమీ వెయ్యలేదు, కొన్నవాళ్ళు ఎలాగూ పడగొడతారు కాబట్టి. రసాల చెట్టుకి సున్నా వేశా.

అందరికీ చదివి వినిపించా. అమ్మమ్మ కళ్ళజోడు తీసి చీర కొంగుతో తుడుచుకుంటూ, “చెట్టుకెంత వేశావ్?” అంది.

చెప్పా.

“సున్నానా?” అంది. లేచి లోపలికెళ్ళిపోయింది.

ఆ రాత్రి మేడ మీద పడుకుని ఫోన్ తీసి, ‘ప్రియం’ అనే మాట వెనక పడ్డా. తర్వాత కూడా చాలా రాత్రులు పడ్డా. అది నన్ను గన్నవరం నుంచి రోము దాకా తీసుకెళ్ళి మళ్ళీ మా పెరట్లోకే తెచ్చి దించింది.

ఒక మాట, మూడు ఊళ్ళు

ప్రియం సంస్కృతం నుంచి తెలుగులోకి వచ్చిన మాట. సంస్కృతంలో ‘ప్రియ’ అంటే ఇష్టమైనది, ముద్దయినది. మనం దానికి ధర అనే రెండో అర్థం కూడా తగిలించుకున్నాం. పేపర్లో ‘పెట్రోలు మరింత ప్రియం’ అని హెడ్డింగ్ పెడితే ఎవరూ పెట్రోలుకి ప్రేమలేఖ అనుకోరు కదా. ఇదేమీ కొత్త వాడుక కాదు. మన మచిలీపట్నంలో కూడా ఉద్యోగం చేసిన సి.పి. బ్రౌన్ 1852లో అచ్చు వేయించిన తెలుగు నిఘంటువులో ‘ప్రియము’ దగ్గర ప్రేమా ఉంది, అధిక ధరా ఉంది.

హైదరాబాద్‌లో నా రూమ్మేట్‌ది కరీంనగర్. వాడు ఏ కొట్టుకెళ్ళినా “మస్తు పిరం ఉందిరా” అంటాడు. ఆ ‘పిరం’ మన ప్రియమే, నోట్లో నలిగి నలిగి అలా అయింది. కానీ వాడి పిరంలో ప్రేమ లేదు, రేటే ఉంది. మా ఆఫీసులో చెన్నై అమ్మాయి ఒకావిడ ఉంది. తమిళంలో ‘పిరియం’ అంటే ఆప్యాయత. అందులో రేటు లేదు. అంటే ఒకే మాట కరీంనగర్ వైపు వెళ్ళి ధర అయింది, చెన్నై వెళ్ళి ప్రేమ అయింది. మా అమ్మమ్మ నోట్లో మాత్రం రెండూ కలిసే ఉన్నాయి.

ఇది మన దగ్గర మాత్రమే జరిగిన విడ్డూరం అనుకున్నా మొదట. తర్వాత ఇంగ్లీషు ‘డియర్’ గుర్తొచ్చింది. ఉత్తరం మొదట్లో రాసేదీ డియరే, కొట్లో రేటు ఎక్కువైతే అనేదీ డియరే. ఫ్రెంచ్‌లో ‘షేర్’ అంటే ప్రియమైన, ఖరీదైన. రెండూ. ఆ ఫ్రెంచ్ మాటకి తల్లి ఎవరా అని చూస్తే లాటిన్ ‘కారుస్’. అక్కడే నాకు అసలు కథ దొరికింది.

రోములో బియ్యం ప్రియమైతే

లాటిన్‌లో ‘కారుస్’ అంటే ప్రియమైన. మనిషికీ వాడతారు, సరుకుకీ వాడతారు. దీని చివర ‘-తాస్’ అనే తోక తగిలిస్తే ‘కారితాస్’ అవుతుంది. అంటే ప్రియంగా ఉండడం, ప్రియత్వం. ఈ తోక మీకు తెలిసిందే. క్వాలిటీ, సెక్యూరిటీ, యూనివర్సిటీ అంటాం చూడండి, వాటి చివర ‘-టీ’ అదే. మన వైపు దాని చుట్టం సంస్కృతంలోని ‘-త’. సమత, మానవత, మమత. ‘మమ’ అంటే నాది. మమత అంటే ‘నాది అనుకోవడం’. లాటిన్ వాడు ‘ప్రియం’ అనే మాటకి తోక పెట్టి ఆప్యాయతకి పేరు చేసుకుంటే, మనవాళ్ళు ‘నాది’ అనే మాటకి అదే తోక పెట్టి చేసుకున్నారు.

కారితాస్‌కి మొదట్నుంచీ రెండు ముఖాలున్నాయి. ఒకటి ఆప్యాయత, పెద్దల మీద, పిల్లల మీద, దేశం మీద ఉండే గౌరవంతో కూడిన ప్రేమ. రెండోది ధరలు మండిపోవడం. సిసిరో లాంటి రచయితలు ధాన్యం ధర పెరిగినప్పుడు కూడా ఈ మాటే వాడారు. రోములో ధాన్యం ధర అంటే ఆటలు కాదు, ప్రభుత్వాలు ఊగేవి. క్రీ.పూ. 58లో క్లోడియస్ అనే నాయకుడు రోము నగర పౌరులకి నెలనెలా ధాన్యం ఉచితంగా ఇచ్చేలా చట్టం తెచ్చాడు. మరుసటి ఏడే కరువొచ్చి ధర పెరిగి జనం రోడ్డెక్కారు. అప్పుడే ప్రవాసం నుంచి తిరిగొచ్చిన సిసిరో, ధాన్యం బాధ్యత మొత్తం ఐదేళ్ళ పాటు పాంపేకి అప్పగించాలని ప్రతిపాదించాడు. 1983లో ఎన్టీఆర్ కిలో 2 రూపాయల బియ్యం చూసిన మనకి ఈ కథ కొత్తగా అనిపించదు. తిండి గింజ ప్రియమైతే ఎవరు ప్రియమైన నాయకుడో జనమే తేలుస్తారు.

తర్వాత ఈ మాట గుడిలోకి నడిచింది. నాలుగో శతాబ్దం చివర్లో జెరోమ్ బైబిల్‌ని లాటిన్‌లోకి తెచ్చినప్పుడు, గ్రీకులో ‘అగాపే’ అనే ప్రేమకి చాలా చోట్ల కారితాస్ అనే మాట పెట్టారు. అక్కడ్నుంచి దాని ధర అర్థం పక్కకి జరిగి, ప్రతిఫలం అడగని ప్రేమ అనే అర్థం ముందుకొచ్చింది. ఆ ప్రేమ చేతల్లోకి దిగితే ఏమవుతుంది? పేదవాడికి అన్నం పెట్టడం అవుతుంది. అలా కారితాస్ మెల్లగా దానధర్మం వైపు ఒరిగింది.

ఇక్కడ కాస్త వ్యాకరణం చెప్పాలి, భయపడకండి. మన ‘ఇల్లు’ చూడండి. ‘ఇల్లుకి’ అనం, ‘ఇంటికి’ అంటాం. ఇంట్లో, ఇంటివాళ్ళు. విభక్తి తగలగానే ఇల్లు కాస్తా ‘ఇంటి’ అయిపోతుంది. లాటిన్‌లోనూ అంతే. ఒంటరిగా ఉంటే ‘కారితాస్’, విభక్తి తగిలితే ‘కారితాత్-’. ద్వితీయా విభక్తిలో ‘కారితాతెమ్’. లాటిన్ విడిపోయి ఫ్రెంచ్, స్పానిష్, ఇటాలియన్ అయ్యేటప్పుడు జనం ఈ రెండో రూపాన్నే మిగుల్చుకున్నారు, ‘ఇల్లు’ పోయి ‘ఇంటి’ మాత్రమే మిగిలినట్టు. స్పానిష్‌లో ‘కారిదాద్’, ఫ్రెంచ్‌లో ‘షారితే’. పాత ఫ్రెంచ్‌లో దాన్ని ‘చ’తోనే పలికేవారు, ఆ పలుకే ఇంగ్లీషులోకి వెళ్ళి ‘చారిటీ’ అయింది.

1611లో ఇంగ్లండు రాజు జేమ్స్ పేరు మీద వచ్చిన బైబిల్లో, ప్రేమ గురించి పౌలు రాసిన ప్రసిద్ధమైన అధ్యాయంలో ‘చారిటీ’ అనే ఉంటుంది. అంతకు ముందు 1526లో టిండేల్ అదే చోట ‘లవ్’ అని రాశాడు. 1881లో మళ్ళీ ‘లవ్’కే మార్చారు. ఎందుకంటే అప్పటికి చారిటీ అంటే చందా అయిపోయింది. మన తెలుగు బైబిల్లో అక్కడ ఉన్నది ‘ప్రేమ’.

గన్నవరం నుంచి బెజవాడ వెళ్ళే దారిలో గుణదల మేరీమాత గుట్ట అందరికీ తెలుసు. 1960ల్లో వాటికన్ సభ స్థానిక భాషలకి తలుపు తీసేదాకా కథోలిక గుళ్ళలో పూజ లాటిన్‌లోనే జరిగేది. అంటే ఈ లాటిన్ మన కృష్ణా గాలిలో వినబడినదే. ఇప్పుడు అదే రోడ్డు మీద బస్సు కిటికీలోంచి చూస్తే ‘చారిటబుల్ ట్రస్ట్’ బోర్డులు కనబడతాయి. ధర ఎక్కువ అనే మాటగా మొదలైనది చివరికి డబ్బు తీసుకోకుండా ఇచ్చేది అయింది.

ఫ్రీ అంటే ఏంటో తెలుసా?

కారుస్ కథ ఇలా ఉంటే, మన ప్రియ కథ ఇంకో మలుపు తిరిగింది. ఇది చదివినప్పుడు నేను మంచం మీంచి లేచి కూర్చున్నా.

1786లో కలకత్తాలో విలియం జోన్స్ అనే జడ్జి, సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే తల్లి పిల్లలై ఉండాలని అన్నాడు. ఇంగ్లీషుకి కూడా ఆ తల్లే. (మన తెలుగుది వేరే కుటుంబం. ఆ సంగతి 1816లోనే మద్రాసులో ఎల్లిస్ దొర రాశాడు. ఈ మాటలు మనం అరువు తెచ్చుకున్నవి.) 1822లో యాకోబ్ గ్రిమ్, కథల గ్రిమ్ సోదరుల్లో పెద్దాయన, ఒక లెక్క చూపించాడు. సంస్కృతం, లాటిన్‌లో ‘ప’ ఉన్న చోట ఇంగ్లీషు లాంటి భాషల్లో ‘ఫ’ వస్తుందని. పితృ, ఫాదర్. పాదం, ఫుట్. పంచ, ఫైవ్. పూర్ణం, ఫుల్.

మరి ‘ప్రియ’ని ఆ లెక్కలో పెడితే? ఫ్రీ.

అవును, ఆఫర్లో వచ్చే ఫ్రీయే. ఇంగ్లీషు ‘ఫ్రీ’, సంస్కృత ‘ప్రియ’ ఒకే మూలం నుంచి పుట్టిన మాటలు. ‘ఫ్రెండ్’ కూడా ఆ ఇంటి బిడ్డే. దాని పాత అర్థం ‘ప్రేమించేవాడు’. నాలుగో శతాబ్దంలో గోతిక్ భాషలోకి వచ్చిన బైబిల్లో ‘ఫ్రియోన్’ అంటే ప్రేమించడం, ‘ఫ్రియోండ్స్’ అంటే స్నేహితుడు.

ప్రియమైన వాళ్ళు ‘స్వేచ్ఛ ఉన్నవాళ్ళు’ ఎలా అయ్యారు? భాషావేత్తలు చెప్పే కారణం ఇది. పాతకాలపు ఇంట్లో రెండు రకాల మనుషులుండేవారు. సొంతవాళ్ళు, బానిసలు. సొంతవాళ్ళు ప్రియమైనవాళ్ళు. బానిసలు కానిది వాళ్ళే. అలా ‘ప్రియమైన’ మెల్లగా ‘స్వతంత్రుడైన’ అయింది. లాటిన్‌లోనూ ఇలాంటిదే ఉంది. ‘లీబెర్’ అంటే స్వతంత్రుడు, ‘లీబెరి’ అంటే ఇంటి పిల్లలు. ఆ తర్వాత, పన్ను నుంచి విడుదల, ఖర్చు నుంచి విడుదల అనుకుంటూ వచ్చి ‘ఫ్రీ’ చివరికి ఉచితం దగ్గర ఆగింది.

ఒకే తల్లికి పుట్టిన రెండు మాటలు. ఒకటి మన కృష్ణా జిల్లాకి వచ్చి ‘రేటు ఎక్కువ’ అయింది. ఇంకోటి ఇంగ్లండు వెళ్ళి ‘రేటు లేదు’ అయింది.

ఇంకో రెండు చుట్టాల్ని కూడా పరిచయం చేస్తా. ఫ్రైడే అనేది ‘ఫ్రిగ్’ అనే దేవత పేరు మీద వచ్చింది. ఆ పేరు కూడా ఇదే ధాతువు నుంచి పుట్టింది. రోమన్లు ఆ రోజుని వీనస్ రోజు అనేవారు, మన లెక్కలో అదే శుక్రుడి రోజు, శుక్రవారం. ఐటీ వాళ్ళకి ఫ్రైడే ఎందుకంత ప్రియమో ఇప్పుడర్థమైందా?

ఇక సినిమా పాటల్లో వినే ‘ప్రేయసి’. సంస్కృతంలో అది పోలిక చెప్పే రూపం. ప్రియ అంటే ప్రియమైన, ప్రేయస్ అంటే ఇంకా ప్రియమైన, ప్రేష్ఠ అంటే అందరికన్నా ప్రియమైన. కాబట్టి ప్రేయసి అంటే వ్యాకరణం ప్రకారం ‘కాస్త ఎక్కువ ప్రియమైన ఆవిడ’. నంబర్ వన్ కాదు. మీ గర్ల్‌ఫ్రెండ్‌ని ప్రేయసి అని పిలిచే ముందు ఆలోచించుకోండి.

ఒక్క ‘కు’లో ఉంది అంతా

ఇప్పుడు మొదటి ప్రశ్నకి వద్దాం. అమ్మమ్మ అన్న మాటలో ఏ ప్రియం ధరో, ఏ ప్రియం ప్రేమో నా బుర్రకి ఎలా తెలిసింది?

మళ్ళీ వినండి. ‘రసాలు ఈ ఏడు బాగా ప్రియం.’ ‘నీకు ప్రియమని పట్టుకొచ్చా.’

రెండో దాంట్లో ‘నీకు’ ఉంది. మొదటి దాంట్లో లేదు. తేడా అంతే.

మామూలుగా ధర చెప్పేటప్పుడు ఎవరికి అనే మాట అక్కర్లేదు. నున్న మార్కెట్లో రసాలు ప్రియమైతే అందరికీ ప్రియమే. ప్రేమకి అలా కుదరదు. ఎవరికి ప్రియమో చెప్పకపోతే వాక్యం పూర్తి కాదు. లాటిన్ వాడిదీ ఇదే పద్ధతి. ‘ధాన్యం కార’ అంటే ధాన్యం ధర ఎక్కువ. ‘మిహి కారుస్’ అంటే నాకు ప్రియమైనవాడు. మిహి అంటే నాకు. సంస్కృతంలో దాని సోదరి ‘మహ్యం’. ఇంగ్లీషులో కూడా ‘డియర్ టు మీ’ అంటే ప్రేమే తప్ప బిల్లు కాదు.

స్కూల్లో విభక్తులు బట్టీ పట్టాం గుర్తుందా? కిన్, కున్, యొక్క, లోన్, లోపలన్. టీచరు చేతిలో బెత్తం చూసి గడగడా చెప్పేశాం కానీ, ఆ ‘కు’ మన మనసుకి ఎంత పని చేస్తోందో ఎప్పుడూ చూసుకోలేదు. నాకు ఇష్టం. నాకు బెంగగా ఉంది. నాకు నువ్వు గుర్తొస్తున్నావ్. నువ్వంటే నాకు ప్రాణం. వీటిల్లో దేంట్లోనూ ‘నేను’ కర్తని కాదు. నేనేమీ చెయ్యట్లేదు. ఏదో నా దగ్గరికి వచ్చింది, అంతే. ఆకలి వేసినట్టు, జ్వరం వచ్చినట్టు.

‘ప్రేమించు’ అనే క్రియ కూడా మనకుంది. సంస్కృత ‘ప్రేమ’కి ‘-ఇంచు’ తగిలించి చేసుకున్నాం. ‘నేను నిన్ను ప్రేమిస్తున్నాను’ అంటే నేను కర్త, నువ్వు కర్మ. సినిమాలో హీరో అనడానికి బాగుంటుంది. మా ఇంట్లో మాత్రం ఎవరూ ఎవరితోనూ ఆ మాట అనగా నేను వినలేదు. తాతయ్య అమ్మమ్మతో అన్నాడా అంటే, ఆవిడ వంటింట్లోంచి గరిట విసిరేది. మా ఇంట్లో ప్రేమ ‘కు’తోనే నడిచింది. నీకు పెరుగుందా? నీకు దుప్పటి చాలిందా? వాడికి ఆ కూర ఇష్టం, వాడికి తీసి ఉంచు.

ఇంగ్లీషు ‘అఫెక్షన్’ అనే మాట కూడా అసలు ఇదే చెబుతుంది. అది లాటిన్ ‘అఫికెరె’ నుంచి వచ్చింది. అంటే ఒకరి మీద పని చేయడం, తాకడం. ‘అఫెక్ట్ అయ్యాను’ అంటాం చూడండి, అదే మూలం. అఫెక్షన్ అంటే నేను చేసింది కాదు, నన్ను తాకింది.

అప్పుడు అర్థమైంది నా ఎక్సెల్ షీటులో తప్పేంటో. కూడికలు సరిగ్గానే ఉన్నాయి. ధర అనే కాలమ్ ఉంది. ‘ఎవరికి’ అనే కాలమ్ లేదు.

చెట్టు ఎవరికి ప్రియం?

మర్నాడు పొద్దున అమ్మమ్మ పెరట్లో ముగ్గుచెంబు పట్టుకుని ఉంటే వెళ్ళి పక్కన నిలబడ్డా.

“అమ్మమ్మా, ఆ చెట్టంటే నీకంత ప్రియమా?”

“నాకేంట్రా, మీ తాతయ్యకి. నూజివీడు నించి అంటు తెచ్చి, మొదటి రెండేళ్ళు కావిడితో నీళ్ళు మోశాడు. అప్పుడు బోరెక్కడిది? నాకైతే మీరు ప్రియం. అమ్మేసి పిల్ల చదువుకి ఇచ్చెయ్యండి. దానికి ఈ ఊరు కన్నా ఆ చదువు ప్రియం, తప్పేముంది?”

కాసేపు ముగ్గు వేసుకుంది. తల ఎత్తకుండానే అంది: “అమ్మమన్నాను గానీ సున్నా అనకూడదురా. అట్టా అంటే మీ తాత మోసిన నీళ్ళకి కూడా సున్నానే గదా.”

నేనేం మాట్లాడలేకపోయా.

ఆ సాయంత్రం షీటులో కొత్త కాలమ్ పెట్టా. ‘ఎవరికి’ అని. మావయ్యని, అమ్మని, మావయ్య కూతుర్ని కూర్చోబెట్టి అడిగా. స్థలం ఎవరికి ప్రియం? ఇల్లు ఎవరికి? చెట్టు ఎవరికి? మొదట నవ్వారు. మావయ్య, “ఇదేం లెక్కరా, బ్యాంకు వాళ్ళు ఒప్పుకుంటారా?” అన్నాడు. తర్వాత ఒక్కొక్కరే చెప్పారు. చదువు పిల్లకి ప్రియం. ఆ ఇంట్లో పుట్టింది కాబట్టి ఇల్లు అమ్మకి. చెట్టు దగ్గరికొచ్చేసరికి ఎవరూ మాట్లాడలేదు. చివరికి మావయ్యే అన్నాడు: “నాక్కూడా. చిన్నప్పుడు ఆ కొమ్మ మీంచి పడే చెయ్యి విరిగింది.”

మేం చివరికి వెనక జాగా పదమూడు సెంట్లు అమ్మాం. ఇల్లు, పెరడు ఉంచుకున్నాం. రోడ్డు వైపు భాగం మాకే ఉండిపోయింది కాబట్టి మొత్తం అమ్మితే వచ్చే గజం రేటు రాలేదు. బ్రోకర్ తల కొట్టుకున్నాడు. హద్దు గోడ తిన్నగా వస్తే చెట్టు అవతలకి పోతుంది, అందుకని ఆ ఒక్క చోట గోడ కాస్త వంకర తిరుగుతుంది. చూసిన వాళ్ళు మేస్త్రీ తాగి కట్టాడనుకుంటారు. తగ్గిన డబ్బుకి మావయ్య ఎడ్యుకేషన్ లోన్ తీసుకున్నాడు. దాంట్లో నేనూ సంతకం పెట్టా. నెలనెలా కట్టే ఈఎంఐలో కొంత నాది. నా జీతానికి అది కాస్త ప్రియమే. రెండర్థాల్లోనూ.

మరదలు ఆగస్టులో వెళ్ళింది. బట్టల మధ్యలో ఆవకాయ సీసా పెట్టుకుంది.

ఈ ఏడు చెట్టు కాసింది. ఎక్కువేం కాదు, నాలుగు గంపలు. బజార్లో రసాలు మళ్ళీ ప్రియమేనట. మొన్న అమ్మమ్మ ఫోన్ చేసి, “పళ్ళు మాగేశాను. నువ్వెప్పుడు ఫ్రీ అయితే అప్పుడు రా” అంది.

ఈ వారం రిలీజ్ ఉంది, ఫ్రీ అయ్యేలా లేను. అయినా శుక్రవారం రాత్రి బస్సుకి టికెట్ తీసుకున్నా.